డాక్టర్ సలహా: పొద్దున తీసిన రక్తంలో మెలటోనిన్ తక్కువొచ్చింది, నాకు లోపం ఉన్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 31. మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. రెండేళ్ళ నుంచి రాత్రి రెండు మూడు అయితే గానీ నిద్ర పట్టట్లేదు. ఆఫీస్ కోసం 8కి లేవడం నరకంగా ఉంది, ఆదివారం మాత్రం 11 దాకా పడుకుంటే హాయిగా ఉంటుంది. ఫ్రెండ్ చెప్పాడని ల్యాబ్ వాళ్ళని ఇంటికి పిలిపించి ఉదయం తొమ్మిదిన్నరకి రక్తం ఇచ్చా, మెలటోనిన్ 4 పికోగ్రాములు వచ్చింది, పక్కన ‘తక్కువ’ అని వేశారు. అప్పట్నుంచి పడుకునే ముందు 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నా. పెద్దగా తేడా లేదు, పైగా పొద్దున తల దిమ్ముగా ఉంటోంది. మైగ్రేన్‌కి ప్రొప్రనలాల్ కూడా వాడుతున్నా. నాకు మెలటోనిన్ లోపం ఉందా, ఈ మాత్ర జీవితాంతం వాడాలా?

జవాబు: ఆ రిపోర్ట్ పట్టుకుని మీకు లోపం ఉందని ఎవరూ చెప్పలేరండీ. మెలటోనిన్ అంటే రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్, పొద్దున తొమ్మిదిన్నరకి ఎవరి రక్తం తీసినా అది తక్కువే ఉంటుంది, పగటిపూట మిల్లీలీటరుకి 10 పికోగ్రాముల లోపు ఉండటం మామూలే (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు). మిట్టమధ్యాహ్నం ఆకాశంలోకి చూసి చుక్కలు లేవని దిగులు పడ్డట్టుంది ఈ టెస్ట్. ఆ కాగితం మీద ‘తక్కువ’ అని వేసినవాళ్ళు రక్తం ఏ టైమ్‌కి తీశారో చూసి వేయాల్సింది, అది చూడకుండా వేసిన మాట మీద మీరు ఇన్నాళ్ళు బెంగపడటం నాకు నిజంగా బాధగా ఉంది.

మెలటోనిన్ మెదడులోని పీనియల్ గ్రంథిలో తయారవుతుంది. చీకటి పడ్డాక, మామూలుగా మనం పడుకునే టైమ్‌కి రెండు మూడు గంటల ముందు నుంచి పెరగడం మొదలై, తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య బాగా ఎక్కువై, పొద్దునకి దిగిపోతుంది. రక్తంలో ఎక్కువసేపు నిలవదు కూడా, ముప్పావు గంటలో సగానికి పడిపోతుంది. ఇంకో సంగతి, ఏ జబ్బూ లేనివాళ్ళలోనే రాత్రి వచ్చే మోతాదు ఒకరికీ ఇంకొకరికీ ఎన్నో రెట్లు తేడా ఉంటుంది, అందుకే షుగర్‌కో థైరాయిడ్‌కో ఉన్నట్టు ‘ఇంతకంటే తగ్గితే లోపం’ అనే గీత దీనికి లేదు. మాకు పనికొచ్చేది అది ఎంత ఉందన్నది కాదు, ఏ టైమ్‌కి పెరగడం మొదలైందన్నది.

దాన్ని సరిగ్గా కొలిచే పద్ధతి ఒకటుంది. సాయంత్రం నుంచి పడుకునే టైమ్ దాటిన గంట దాకా మనిషిని చాలా మసక వెలుతురులో, 10 నుంచి 30 లక్స్ (వెలుతురుని కొలిచే కొలత) లోపు, కూర్చోబెట్టి ప్రతి అరగంటకో గంటకో లాలాజలం తీస్తారు. ఫోన్, టీవీ ఉండకూడదు, ఎందుకంటే మామూలు ట్యూబ్‌లైట్ వెలుతురు కూడా మెలటోనిన్‌ని అణిచేయగలదు. కాఫీ బంద్, శాంపిల్ ముందు ఏమీ తినకూడదు, చిగుళ్ళలోంచి రక్తం వస్తే శాంపిల్ పాడైనట్టే, ఎందుకంటే లాలాజలంలో ఉండేది రక్తంలో ఉన్నదాంట్లో మూడో వంతు మాత్రమే. లాలాజలంలో 3, 4 పికోగ్రాములు దాటిన టైమ్‌ని (రక్తంలో అయితే 10) మీ శరీరానికి రాత్రి మొదలైన టైమ్‌గా లెక్కేస్తారు. రాత్రంతా యూరిన్ పట్టి అందులో మెలటోనిన్ విరిగాక మిగిలే పదార్థాన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది గానీ అది మొత్తం ఎంత తయారైందో చెప్తుంది తప్ప సరిగ్గా ఏ టైమ్‌కి మొదలైందో చెప్పదు. అసలు చూపు లేనివాళ్ళలో నిద్ర టైమ్ రోజురోజుకీ ఇంకా ఆలస్యమైపోతున్నప్పుడు, స్మిత్ మాజెనిస్ సిండ్రోమ్ లాంటి జన్యు సమస్యల్లో మెలటోనిన్ పగలు పెరుగుతున్నప్పుడు, ఇలాంటి చోట్ల ఈ టెస్టులు నిజంగా ఉపయోగపడతాయి. మామూలు నిద్రలేమికి వీటి అవసరం లేదు.

మీరు రాసిందాంట్లో నాకు అసలు క్లూ ఆ ఆదివారం మాట. 3కి పడుకుని 11కి లేస్తే హాయిగా ఉందంటే మీకు నిద్ర బానే వస్తోంది, కాకపోతే శరీర గడియారం ఆలస్యంగా నడుస్తున్నట్టుంది. దీన్ని తేల్చడానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు, రెండు వారాలు, సెలవు రోజులతో సహా, ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నింటికి మెలకువొచ్చింది, టీ కాఫీలు ఎప్పుడు తాగారు, ఒక నోట్‌బుక్‌లో రాయండి. చేతి కదలికల్ని బట్టి నిద్రని నమోదు చేసే యాక్టిగ్రాఫ్ వాచ్ ఇస్తే ఇంకా మంచిది. అది పట్టుకుని స్లీప్ డాక్టర్‌ని కలవండి, బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి మెదడు, మానసిక సమస్యలకి పేరున్న ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ కూడా దగ్గరే. గురక ఉందేమో రూమ్‌మేట్స్‌ని అడగండి, రాత్రిళ్ళు కాళ్ళు లాగుతూ కదపాలనిపిస్తుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్త పరీక్ష) చూపించుకోవాలి, ఇవి రెండూ మీ మెలటోనిన్ రిపోర్ట్ కంటే ఎన్నో రెట్లు ముఖ్యం.

10 మిల్లీగ్రాములు చాలా ఎక్కువండీ, ఆ దిమ్ము దానివల్లే అయ్యుండొచ్చు, అలా ఉన్నప్పుడు పొద్దున్నే రింగ్ రోడ్డు మీద బండి నడపొద్దు. మీలాంటి సమస్యలో మెలటోనిన్ తక్కువ డోసులో, పడుకునే ముందు కాకుండా కొన్ని గంటల ముందే ఇస్తారు, ఆ టైమ్ మీ డైరీ చూసి డాక్టర్ నిర్ణయించాలి. ఎండ కూడా మందే, కానీ 3కి పడుకుని 6కే అలారం పెట్టుకుని ఎండలో నిలబడితే గడియారం ఇంకా ఆలస్యం కావచ్చు. సెలవు రోజు మీ అంతట మీకు మెలకువొచ్చే టైమ్‌కి ఎండలోకి వెళ్ళడం మొదలుపెట్టి, ఆ టైమ్‌ని మెల్లగా ఇంకా పెందలాడే అయ్యేలా జరుపుకోవాలి.

ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు రాత్రి మెలటోనిన్‌ని తగ్గిస్తాయి, ఇది మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. అలాగని మీకు మీరే ఒక్కసారిగా ఆపేయొద్దు, గుండె దడ, బీపీ పెరగడం లాంటివి వస్తాయి. మైగ్రేన్‌కి వేరే మందులున్నాయి, మార్చాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చూసుకుంటారు.