పాత మారుతి 800 ఇంజిన్ మౌంటింగ్‌లలో గమ్ నింపించవచ్చా? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: 2003 మారుతి 800, ఏసీ ఉన్న బండి. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, డ్యాష్‌బోర్డ్ వణుకుతున్నాయి, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదిలేటప్పుడు కింద ఎక్కడో దబ్బుమని శబ్దం. మౌంటింగ్‌లు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) పోయాయి, కొత్తవి వేసే బదులు, కారు ముందువైపు గాజు అద్దం అతికించే పాలియురితేన్ గమ్ వాటిలో నింపితే ఇక ఎప్పటికీ పోవు అని మెకానిక్ అన్నాడు. నింపించవచ్చా అని మీ ప్రశ్న.

వద్దండీ. ఈ బండికి అసలు వద్దు. నేను ఆ పని చేయించి, ఐదు నెలలు తిప్పి, తర్వాత తీయించేశాను. మీ డబ్బు, మీ బండి రెండూ పాడవకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది 2001 మోడల్, నాన్నగారు కొన్న బండి. గుంటూరు నుంచి విజయవాడకు వారంలో రెండు మూడుసార్లు వెళ్లొస్తుంటాం. మీరు చెప్పిన లక్షణాలన్నీ మాకూ వచ్చాయి. వెనక మౌంటింగ్ రబ్బరు చీలిందని ఒక షెడ్డులో చూపించారు. అది నిజమే. చీలిన చోట, దాని పక్కనున్న ఖాళీల్లో గమ్ నింపి, ఒక రోజు ఆరబెట్టి బిగించారు. దబ్బుమనే శబ్దం ఆ రోజే పోయింది. గేరు కూడా చక్కగా పడింది. ఎంత సంతోషపడ్డానో! కానీ సిగ్నల్ దగ్గర ఆగేసరికి అద్దంలో వెనక బండ్లు కనిపించనంతగా అద్దం అదిరింది. అరగంట నడిపితే నాన్నగారికి అరచేతులు తిమ్మిరెక్కేవి. నెల తిరగకుండా డ్యాష్‌బోర్డ్ స్క్రూలు వదులై కిటకిటలాడటం మొదలైంది.

ఎందుకిలా అయిందో తర్వాత అర్థమైంది. 800లో ఉన్నది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి ఫైర్ అవుతుంది కాబట్టి మూడింటికీ కలిపి చుట్టుకు ఒకటిన్నర దెబ్బలు. ఐడ్లింగ్ (బండి ఆగి ఉండగా ఇంజిన్ తిరిగే వేగం) 900 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 900 చుట్లు అనుకుంటే సెకనుకు 15 చుట్లు, అంటే 22.5 దెబ్బలు. అదే వేగంలో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు 30 దెబ్బలు. అది చాలదన్నట్టు మూడు సిలిండర్ల ఇంజిన్‌కు ఇంకో గుణం ఉంది. పిస్టన్ల బరువులు ఒకదానికొకటి సరిపోయినా, ఇంజిన్ ఒక చివర లేస్తే ఇంకో చివర దిగుతూ పార్కులో పిల్లలు ఊగే సీ-సా బల్లలా ఊగుతుంది. ఈ రెండింటినీ బాడీకి చేరకుండా మింగాల్సింది ఆ రబ్బరే.

రబ్బరు మీద కూర్చున్న ఇంజిన్ అంటే స్ప్రింగు మీద పెట్టిన బరువు లాంటిది. దానికంటూ సొంత ఊపు ఒకటి ఉంటుంది. బయటి దెబ్బల వేగం ఆ సొంత ఊపుకు దాదాపు 1.4 రెట్లు దాటితేనే రబ్బరు వణుకును తగ్గించగలదు. అంతకంటే దగ్గరికి వస్తే తగ్గించకపోగా పెంచుతుంది. 22.5ను 1.4తో భాగిస్తే 16. కాబట్టి ఇంజిన్ సొంత ఊపు సెకనుకు 16 కంటే బాగా తక్కువ ఉండాలి. లెక్క కోసం 10 అనుకుందాం. గమ్ నింపి మౌంటింగ్‌లను నాలుగింతలు గట్టిపరిస్తే ఆ ఊపు రెట్టింపై 20 అవుతుంది. ఐడ్లింగ్ దెబ్బలు 22.5. రెండూ పక్కపక్కకు వచ్చేశాయి. మా బండిలో అద్దం అదరడానికి కారణం ఇదే. ఏసీ వేసినప్పుడు ఇంజిన్ మీద లోడు పెరిగి ఒక్కో దెబ్బ బలం పెరుగుతుంది, అందుకే అప్పుడు మరీ ఘోరంగా ఉండేది.

మౌంటింగ్ రబ్బరు మధ్యలో కనిపించే ఖాళీలు లోపం కాదు, కావాలని వదిలినవి. చిన్న వణుకులకు రబ్బరు మెత్తగా ఊగుతుంది. క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్ గట్టిగా తిరగబోతే ఆ ఖాళీ మూసుకుని రబ్బరు రబ్బరుకు ఆని ఆపుతుంది. గమ్‌తో పూడిస్తే ఆ మెత్తదనం మొత్తం పోతుంది. రేసులకూ ర్యాలీలకూ తయారుచేసే బండ్లలో గట్టి మౌంటింగ్‌లు వేస్తారు, నిజమే. వాళ్లకు గేరు ఖచ్చితంగా పడటం ముఖ్యం, వణుకుతో పనిలేదు. మీరు ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరిగే బండి అది.

ఇప్పుడు అసలు పని. మౌంటింగ్‌లే పోయాయని ముందు తేల్చుకోండి. ఈ విషయంలో చాలామంది తొందరపడతారు. మూడింటిలో ఒక సిలిండర్ సరిగ్గా ఫైర్ కాకపోయినా అచ్చం ఇలాగే వణుకుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకటి దెబ్బతింటే మూడోవంతు పోయినట్టే కదా. కాబట్టి ముందు ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు చూపించండి. ఐడ్లింగ్ ఎంత ఉందో కొలిపించండి. మీ బండిలో ఆర్‌పీఎం మీటర్ లేకపోతే చెవితో అంచనా వేయకండి, మెకానిక్ దగ్గర మీటర్ ఉంటుంది. ఐడ్లింగ్ తక్కువగా ఉంటే కొత్త మౌంటింగ్‌లు వేసినా వణుకు పోదు. ఏసీ వేసినప్పుడు ఇంజిన్ వేగం పడిపోకుండా నిలబడాలి. ఒక్క క్షణం తగ్గి మళ్లీ అందుకుంటే పరవాలేదు, తగ్గి అలాగే ఉండిపోతే లోపం అక్కడుంది. సైలెన్సర్ పైపు ఎక్కడైనా బాడీకి తగులుతోందా అని కింద కూడా చూడండి. దాని రబ్బరు రింగులు తెగినా ఇదే రకం అదురు వస్తుంది. బండి 80లో వెళ్తున్నప్పుడే స్టీరింగ్ వణికితే అది వీల్ బ్యాలెన్సింగ్ సంగతి, మలుపుల్లో టకటకమంటే యాక్సిల్ జాయింట్ సంగతి. మౌంటింగ్‌లకు వాటితో సంబంధం లేదు.

అవన్నీ బాగుంటే మౌంటింగ్‌ల పరీక్ష. బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఒకరు లోపల కూర్చుని బ్రేక్ తొక్కి ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొద్దికొద్దిగా వదలాలి. ఇంజిన్ కాస్త బరువెక్కగానే మళ్లీ తొక్కెయ్యాలి. తర్వాత రివర్స్‌లో అలాగే. ఫస్ట్‌లో ఇంజిన్ ఒక వైపు, రివర్స్‌లో రెండో వైపు ఒరుగుతుంది. కొంచెం ఒరగడం సహజం. ఎగిరి దబ్బున పడితే, లేదా రబ్బరుకూ ఇనుముకూ మధ్య వెలుతురు కనిపిస్తే, ఆ మౌంటింగ్ పోయినట్టే. చూసేవాళ్లు పక్కన నిలబడాలి. బండి ముందుగానీ వెనకగానీ ఎవరూ ఉండకూడదు, ఇది మాత్రం దయచేసి పాటించండి.

రెండో పరీక్ష ఇంజిన్ ఆపేసి. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ కింద వెడల్పాటి చెక్క ముక్క పెట్టి జాకీతో చాలా నెమ్మదిగా, ఒక సెంటీమీటరు లేపితే చాలు. పైకి బాగున్నట్టు కనిపించే మౌంటింగ్ కూడా రబ్బరు ఇనుము నుంచి ఊడిపోయి ఉంటే అప్పుడు నోరు తెరుస్తుంది. చెక్క లేకుండా నేరుగా జాకీ పెడితే ఛాంబర్ రేకు సొట్టపోతుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి.

ఇంకొకటి ఎవరూ చూడనిది: ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు. ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు బాడీకి ఆ వైరు ద్వారానే తిరిగి వెళ్లాలి. మౌంటింగ్ పోయి ఇంజిన్ ఎగురుతుంటే ఆ వైరు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. మా బండి ఉదయం పూట సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని బ్యాటరీ మార్చాను. అది బ్యాటరీ తప్పు కాదు, సగం తెగిన ఎర్త్ వైరు. మౌంటింగ్ పని చేయించేటప్పుడు దాంతోపాటు రేడియేటర్ హోస్‌లు, యాక్సిలరేటర్ కేబుల్, సైలెన్సర్ ముందు ప్యాకింగ్ కూడా చూపించండి. ఎగిరే ఇంజిన్ లాగి పాడుచేసేవి ఇవే.

ఆ షెడ్డు తర్వాత మా బండిని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గమ్ సంగతి తర్వాత మాట్లాడదాం, అసలు రబ్బరు ఎందుకు చచ్చిందో చూడు బాబూ అని టార్చి వేసి చూపించారు. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ నుంచి ఆయిల్ సన్నగా కారి మౌంటింగ్ మీదికి దిగుతోంది. సహజ రబ్బరుకు ఇంజిన్ ఆయిల్ పడదు. పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, చివరికి గోరుతో గీరితే జిగురులా వస్తుంది. పైగా ప్రతి సర్వీసింగ్‌లోనూ నేను ఇంజిన్‌కు డీజిల్ కొట్టించి కడిగించేవాణ్ణి, మెరుస్తుందని. అది కూడా రబ్బరుకు విషమే. ఆ రోజు నుంచి మానేశాను. మీరు ముందు ఆయిల్ లీకు ఆపించండి, తర్వాతే మౌంటింగ్. లేకపోతే కొత్త రబ్బరుకూ అదే గతి.

మా బండిలో మూడు మౌంటింగ్‌లు: ఇంజిన్ వైపు ఒకటి, గేర్‌బాక్స్ వైపు ఒకటి, వెనక ఒకటి. ఒక్కటే పోయినట్టు కనిపించినా మూడూ మార్చాలనే నేనంటాను. ఒకటి కూలబడితే దాని బరువు మిగతా రెండూ మోసి ఉంటాయి, వాటి వయసూ అంతే. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా ఈ సామాను ఆటోనగర్లలో దొరుకుతూనే ఉంది. కొనేటప్పుడు రబ్బరును వేలితో నొక్కి చూడండి. ఏళ్ల తరబడి అటక మీదున్న సరుకైతే పైన సన్నటి పగుళ్లు ఉంటాయి, అది కొత్త డబ్బాలో వచ్చిన పాత రబ్బరు. ప్యాకింగ్ తేదీ చూడండి. ఆల్టోది కూడా ఇదేనండీ, అదే 796 సీసీ అని షాపులో ఇవ్వబోతే పాతదాన్ని పక్కన పెట్టి రంధ్రానికి రంధ్రం, ఎత్తుకు ఎత్తు పోల్చకుండా తీసుకోకండి. పాత ఇనుప కప్పుకే కొత్త రబ్బరు పోసి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. కొత్తది ఎక్కడా దొరకని బండికైతే అది మంచి దారే, కానీ రబ్బరు ఎంత గట్టిగా పోస్తారనేది వాళ్ల చేతిలో ఉంటుంది. ఈ బండికి కొత్తవే దొరుకుతుంటే ఆ అవసరం లేదు.

బిగించే పద్ధతి గురించి చెప్పకపోతే ఇదంతా రాసి ఉపయోగం లేదు. మూడు కొత్త మౌంటింగ్‌లు వేయించాక కూడా మా బండిలో సగం వణుకు అలాగే ఉంది. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. డబ్బులు పోయాయి, తప్పు ఎక్కడో తెలియదు. పెద్దాయన మళ్లీ చూసి, కుర్రాళ్లు జాకీ మీద ఇంజిన్ ఉండగానే బోల్టులన్నీ బిగించేశారని పట్టుకున్నారు. అలా బిగిస్తే ఇంజిన్ కిందికి దిగాక రబ్బరు మెలితిరిగి, లాగి పట్టినట్టు ఉండిపోతుంది. కొత్త రబ్బరే అయినా గట్టిపడ్డదానిలాగే ప్రవర్తిస్తుంది. ఆయన బోల్టులన్నీ ఊడిపోనంత మేరకు వదులు చేసి, జాకీ తీసేసి, ఇంజిన్‌ను చేత్తో ముందుకీ వెనక్కీ ఊపి, స్టార్ట్ చేసి ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచారు. ఇంజిన్ తన చోటు తాను చూసుకుని కూర్చుంది. అప్పుడు ఆపి ఒక్కొక్కటీ బిగించారు. అరగంట పని. స్టార్ట్ చేస్తే అద్దంలో వెనక బండి నంబరు చదవగలిగాను.

కాబట్టి ఒకేసారి మూడూ విప్పనివ్వకండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయించి, ఇంజిన్‌కు కింద ఆసరా పెట్టించి, ఒకటి తీసి ఒకటి వేసేలా చూడండి. చివరి బిగింపు మాత్రం ఇంజిన్ బరువు మౌంటింగ్‌ల మీద పూర్తిగా పడ్డాకే. దగ్గరుండి ఈ ఒక్కటి చూసుకోండి చాలు. కొత్త మౌంటింగ్‌లతో మొదటి కొన్ని రోజులు కాస్త బిగువుగా అనిపించవచ్చు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత బోల్టులు ఒకసారి తనిఖీ చేయించండి.

ఖర్చు గురించి భయపడకండి. లోకల్ సామాను కాకుండా కంపెనీవే వేయించినా, మూడింటికీ కూలితో కలిపి మాకైనది ఆ నెల పెట్రోలు ఖర్చు కంటే తక్కువే.

ఒకవేళ మీరు ఈ జవాబు చదివేలోపే గమ్ నింపించేసి ఉంటే, దాన్ని కత్తితో గీకి తీయించే ప్రయత్నం చేయకండి. ఆరిన పాలియురితేన్ రబ్బరును పట్టుకుని ఉంటుంది, తీస్తే రబ్బరు కూడా ముక్కలై వస్తుంది. ఆ మౌంటింగ్‌ను మొత్తంగా మార్చేయడమే దారి. క్లచ్ పరీక్షను పక్కనుంచి ఫోన్‌లో తీసి ఆ వీడియో పెట్టండి. ఏ మౌంటింగ్ దగ్గర ఇంజిన్ ఎగురుతోందో చూసి చెబుతాను.