మత్తుమందు పంప్ పెడితే ఆపరేషన్ తర్వాత నొప్పి ఉండదా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయి. వచ్చే వారం ల్యాప్రోస్కోపీ ఆపరేషన్. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటుంది. జనరల్ అనస్థీషియాతో పాటు డెక్స్‌మెడెటోమిడిన్ అనే మందు పంప్‌తో ఎక్కిస్తామని, దానివల్ల తర్వాత నొప్పి తగ్గుతుందని మత్తు డాక్టర్ చెప్పారు. పదేళ్ల కిందట గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు మొదటి రాత్రంతా నొప్పితో ఏడ్చింది. ఈసారి ఆ బాధ ఉండదా? రెండు మత్తులు కలిస్తే తెలివి రావడం ఆలస్యమవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: నొప్పి తగ్గుతుంది, కానీ ఆ ఒక్క మందుతోనే పూర్తిగా పోదు. ఈ తేడా ముందే తెలిస్తే ఆ రాత్రి మీరు కంగారు పడరు.

మత్తు వేరు, నొప్పి తగ్గడం వేరు. మత్తు ఇవ్వడానికి ఎక్కువగా వాడే ప్రొపొఫాల్ మనిషిని నిద్రపుచ్చుతుందే గానీ నొప్పిని పెద్దగా తగ్గించదు. డెక్స్‌మెడెటోమిడిన్ తీరు వేరు. మెదడులోను, వెన్నుపాములోను పనిచేసి నిద్రనిస్తుంది, నొప్పి సంకేతాల జోరునూ కొంత తగ్గిస్తుంది. అందుకే దీన్ని వాడినప్పుడు తర్వాతి గంటల్లో మార్ఫిన్ లాంటి మందుల అవసరం సాధారణంగా తగ్గుతుంది. దాంతో వాటివల్ల వచ్చే వాంతులు, వికారం కూడా తగ్గొచ్చు. అయితే ఒంట్లో ఈ మందు రెండు మూడు గంటలకే సగమవుతుంది. రాత్రికి దాని అండ పెద్దగా ఉండదు.

తెలివి గురించి మీ భయం నాకు అర్థమైంది. ఈ మందు ఇచ్చినప్పుడు మిగతా మత్తు మోతాదును ఆ మేరకు తగ్గిస్తారు, రెండూ నిండుగా ఇవ్వరు. అమ్మగారు కాస్త ఎక్కువసేపు మగతగా ఉండొచ్చు. రికవరీ గదిలో నర్సు పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తారు, "నొప్పి పదికి ఎంత?" అంటే నాలుగో అయిదో చెప్పి మళ్లీ కళ్లు మూసుకుంటారు. అది చూసి బెంబేలెత్తకండి. మార్ఫిన్‌తో పోలిస్తే ఈ మందు శ్వాసను అణచడం చాలా తక్కువ.

జాగ్రత్త పడాల్సింది గుండె వేగం, బీపీ విషయంలో. ఈ మందుతో రెండూ పడిపోవచ్చు. అందుకే పంప్‌తో కొలిచి నెమ్మదిగా ఇస్తూ, మానిటర్ చూస్తుంటారు. అమ్మగారు వాడే బీపీ మాత్ర చీటీని మత్తు డాక్టర్‌కు తప్పకుండా చూపించండి. గుండె వేగాన్ని తగ్గించే రకం మాత్ర అయితే ఆయనకు ముందే తెలియాలి. ఆపరేషన్ రోజు పొద్దున అది వేసుకోవాలా వద్దా అన్నది ఆయనే చెప్పాలి, మీరుగా మాన్పించొద్దు. నాడి నెమ్మదిగా కొట్టుకోవడం, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోవడం, గట్టిగా గురక పెట్టడం ఉంటే అదీ చెప్పండి.

ఇక ఆ మొదటి రాత్రి. పదేళ్ల కిందటి సంగతి మత్తు డాక్టర్‌కు వివరంగా చెప్పండి, అది ఆయనకు చాలా పనికొచ్చే సమాచారం. చిన్న కోతల దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్, సరిపడితే పారాసిటమాల్, మరో నొప్పి మందు వేళకు ఇవ్వడం, అవసరమైతేనే మార్ఫిన్ రకం మందు: ఇలా కలిపి ఇస్తేనే నొప్పి అదుపులో ఉంటుంది. నొప్పి ముదిరాక అడగడం కన్నా మొదలవుతుండగానే అడగడం మేలు. మన అమ్మలు పళ్లు బిగబట్టి ఓర్చుకుంటారు. పక్కనున్న మీరే అడిగి నర్సుకు చెప్పండి.

కడుపు ఆపరేషనైతే భుజం నొప్పేమిటని చాలామంది హడలిపోతారు. ఆపరేషన్ కోసం పొట్టలోకి పంపిన గ్యాస్ వల్ల వచ్చేదే అది, సాధారణంగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. డాక్టర్ లేవమన్నాక మెల్లగా నడిపించండి. కానీ పొట్ట నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం గ్యాస్ అనుకుని ఊరుకోకుండా వెంటనే చెప్పాలి.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్‌ను కలిసినప్పుడు ఒక్క మాట అడగండి: "పంప్ ఆపేశాక రాత్రికి అమ్మకు ఏ నొప్పి మందు, ఎన్ని గంటలకోసారి రాస్తున్నారు?"