పింఛను వస్తోంది కదా, జీతం ఎందుకు అని అడిగితే

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలోని ఒక గ్రామం. మా అమ్మాయికి 23 ఏళ్లు. బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. పుట్టుకతోనే వినికిడి లోపం ఉంది. సదరం సర్టిఫికెట్‌లో 70 శాతం అని రాశారు. నెలకు 4,016 రూపాయల ఆసరా పింఛను వస్తోంది. హైదరాబాదులోని ఒక అకౌంటింగ్ సంస్థ ఆరు నెలల శిక్షణకు రమ్మంటోంది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా బిల్లులు ఎక్కించాలట, జీతం మాత్రం లేదట. ఆ తరువాత ఉద్యోగం సంగతి చూస్తామన్నారు. ఖర్చులెట్లా అంటే ‘మీకు పింఛను వస్తోంది కదా, జీతమిస్తే అదీ పోతుంది’ అన్నారు. ఫోనులో కాకుండా రాతపూర్వకంగా పని చెప్పమని అమ్మాయి అడిగితే, అంత తీరిక లేదన్నారట. మా మామగారేమో ఇది వెట్టి అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ మామగారు వాడిన మాటతోనే మొదలుపెడతాను. ఆయన కోపంలో అని ఉండవచ్చు కానీ, ఆ మాట ఈ విషయానికి దూరమైనది కాదు. వెట్టి అంటే ఏమిటో సూర్యాపేట ప్రాంతపు పెద్దలకు ఎవరూ వివరించనవసరం లేదు. దొర భూమి మీద బతుకుతున్నావు కనుక దొరకు ఊరికే పనిచేయాలి అన్నది ఆనాటి తర్కం. ప్రభుత్వ సొమ్ముతో బతుకుతున్నావు కనుక మాకు ఊరికే పనిచేయవచ్చు అన్నది మీ అమ్మాయి ముందు ఈ సంస్థ పెట్టిన తర్కం. రెండింటి తీవ్రత ఒకటే అని నేను అనను, ఎందుకంటే మీ అమ్మాయికి కాదనే స్వేచ్ఛ ఉంది. అయితే మనిషికి వేరేచోట నుంచి దొరికే ఆధారాన్ని చూపించి ఆ మనిషి శ్రమకు వెల లేదనడం మాత్రం రెండింటిలోనూ ఉంది.

ముందుగా లెక్క చూడండి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 26 రోజులు పనిచేస్తే 208 గంటలవుతాయి. ఆరు నెలలకు 1,248 గంటలు. పింఛనునే జీతంగా భావించమన్న వాళ్ల మాట ప్రకారం, గంటకు 19 రూపాయల పైచిలుకు పడుతుంది, అది కూడా వాళ్లు ఇచ్చేది కాదు. హైదరాబాదులో హాస్టలు అద్దె, భోజనం, రానుపోను ఖర్చులు మీవి. వినికిడి యంత్రపు బ్యాటరీలకు, మరమ్మతులకు, ఆసుపత్రి ప్రయాణాలకు ఇంతవరకు పింఛను డబ్బు వాడుతూ వచ్చి ఉంటారు కదా, ఆ ఖర్చులు ఈ ఆరు నెలలూ ఆగవు. వైకల్యం వల్ల జీవితం మీద పడే అదనపు బరువును కొంత తగ్గించడానికి ప్రభుత్వం ఇచ్చేది పింఛను, ఒకరి పనివల్ల మరొకరికి కలిగిన లాభానికి ప్రతిఫలం జీతం. మొదటిది ఉన్నదన్న కారణంతో రెండోది ఇవ్వనవసరం లేదనడం, ఆ సంస్థ తన జీతాల ఖర్చును ప్రభుత్వ ఖజానా మీదకూ మీ ఇంటి మీదకూ నెట్టడమే.

ఈ వాదన మన దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. రాజస్థాన్‌లోని అజ్మీర్ ప్రాంతంలో కరవు సహాయ పనుల కింద రోడ్డు వేసిన కూలీలకు, అప్పటి కనీస వేతనమైన రోజుకు ఏడు రూపాయలకన్నా తక్కువ ఇచ్చారు. ఇది కరవులో ఆదుకోవడానికి కల్పించిన పని కనుక కార్మిక చట్టాలు వర్తించవని ఆ రాష్ట్రం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసుకుంది. తిలోనియాలోని స్వచ్ఛంద సంస్థ డైరెక్టరు సంజిత్ రాయ్ వేసిన పిటిషన్‌పై 1983 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. సహాయం పేరు చెప్పి, మనిషి నిస్సహాయతను ఆసరా చేసుకుని, కనీస వేతనంకన్నా తక్కువకు పని చేయించుకోకూడదని, అది వెట్టి చాకిరిని నిషేధించిన రాజ్యాంగంలోని 23వ అధికరణకు విరుద్ధమని చెప్పింది. అంతకు కొన్ని నెలల ముందే, 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, పేదరికం వల్ల గత్యంతరం లేక తక్కువ కూలికి ఒప్పుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని అదే న్యాయస్థానం వివరించింది. ఆ నిషేధం ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుందని కూడా అందులో ఉంది. మీరు కోర్టుకు వెళ్లాలని ఇదంతా చెప్పడం లేదు. జీతం అడగడానికి మీ అమ్మాయి మొహమాట పడనక్కరలేదని, ఆ అడగడం వెనుక ఇంత బలం ఉందని తెలియడానికి చెబుతున్నాను.

బ్రిటన్‌లో నిరుద్యోగ భృతి పొందేవారి విషయంలో ఇదే చర్చ పెద్ద ఎత్తున జరిగింది. బర్మింగ్‌హాంకు చెందిన కేట్ రైలీ అనే భూగర్భశాస్త్ర పట్టభద్రురాలు ఒక మ్యూజియంలో తనకు ఇష్టమైన స్వచ్ఛంద సేవ చేస్తుండగా, దాన్ని ఆపించి పౌండ్‌ల్యాండ్ దుకాణంలో రెండు వారాలు జీతం లేకుండా పనిచేయించారు. చేయకపోతే భృతి పోతుందని ఆమెకు చెప్పారు. 2013 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు అది బలవంతపు చాకిరీ అన్న వాదనను అంగీకరించలేదు కానీ, ఆ పథకం నిబంధనలు చెల్లవని, భృతి పొందేవారికి పథకం గురించి తగినంత స్పష్టమైన సమాచారం ముందుగా ఇవ్వవలసిందని చెప్పింది. మనకు పనికివచ్చేది ఈ రెండో భాగం. ఏ పని, ఎన్ని గంటలు, ఎంతకాలం, కాదంటే ఏమవుతుంది అన్నవి కాగితం మీద లేకుండా మనిషిని పనిలోకి దించకూడదు. మీ అమ్మాయికి ఇప్పటిదాకా చెప్పినవన్నీ నోటిమాటలే.

ఇక అది శిక్షణా, పనా అన్న ప్రశ్న. శిక్షణలో నేర్పే మనిషి ఒకరుంటారు, నేర్చుకునే విషయాల పట్టిక ఉంటుంది, పూర్తయ్యాక చేతికి ఒక ధ్రువపత్రం వస్తుంది. మీరు రాసినదాని ప్రకారం అక్కడ ఉన్నవి ఖాతాదారుల బిల్లులు, తొమ్మిది నుంచి ఆరు వరకు హాజరు. బిల్లులు ఎక్కించడం రెండు మూడు వారాల్లో పట్టుబడే పని, ఆ తరువాతి అయిదు నెలలూ సంస్థ తన ఖాతాదారుల దగ్గర డబ్బు తీసుకునే పనిని మీ అమ్మాయి చేత ఉచితంగా చేయించుకున్నట్టే. నిజంగా శిక్షణే ఇవ్వదలచుకుంటే, అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఒప్పందం నమోదు చేయమనండి. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండు నిర్ణయించాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది కనుక, స్తోమత లేదన్న సాకు కూడా అంతగా నిలవదు. ఇలాంటి మార్గం ఉండగా దానికి ఒప్పుకోని సంస్థ కోరుకుంటున్నది ఏమిటో మీకే అర్థమవుతుంది.

జీతమిస్తే పింఛను పోతుందన్న మాట మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టి ఉంటుంది. పింఛను అర్హతకు కుటుంబ ఆదాయాన్ని చూస్తారు కనుక, మంచి జీతం వచ్చిననాడు అది ఆగిపోవచ్చు. అయినా పోల్చి చూడండి: నెలకు 15,000 జీతం వచ్చి 4,016 పింఛను ఆగినా, ఇంట్లోకి ఇప్పటికన్నా సుమారు 11,000 రూపాయలు ఎక్కువ వస్తాయి. పింఛను ఆగినంత మాత్రాన సదరం సర్టిఫికెట్ గానీ, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు గానీ రద్దు కావు. ప్రభుత్వ ఉద్యోగాల్లోని నాలుగు శాతం రిజర్వేషన్‌కు ఆధారం ఆ ధ్రువపత్రమే గాని పింఛను కాదు. చేరబోయే ముందు జీతం ఎంతో చెప్పి మండల పరిషత్తు కార్యాలయంలో ఒక అర్జీ ఇచ్చి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. పింఛను కాపాడుకోవడం కోసం జీతం వదులుకునే అమ్మాయిలను, అబ్బాయిలను నేను చాలామందిని చూశాను. ముప్పై ఏళ్లు వచ్చేసరికి చేతిలో పింఛను తప్ప, జీతపు చీటీ గానీ, పీఎఫ్ ఖాతా గానీ, అనుభవ పత్రం గానీ లేకుండా మిగిలిపోతారు.

ఇలాంటి చోట నేను ఒకసారి తప్పు సలహా ఇచ్చాను. పోలియో వల్ల కాలు దెబ్బతిన్న ఒక అబ్బాయికి, అడుగు పెట్టడమే ముఖ్యమని, జీతం తరువాత వస్తుందని చెప్పి, ఒక కార్యాలయంలో ఊరికే చేరేలా ఒప్పించాను. ఎనిమిది నెలలు పనిచేశాడు. తరువాత అతన్ని పంపించి, అదే కుర్చీలో అదే షరతు మీద మరొకరిని కూర్చోబెట్టారు. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు కానీ, ఆ తరువాత రెండేళ్లు ఏ ఉద్యోగానికీ దరఖాస్తు చేయలేదు. జీతం లేని పని డబ్బుతోపాటు తన పనికి విలువ ఉందన్న నమ్మకాన్ని కూడా తీసుకుపోతుందని అప్పుడు నాకు తెలిసింది.

రాతపూర్వకంగా పని చెప్పడానికి తీరిక లేదన్న జవాబు, నా దృష్టిలో, జీతం లేదన్న జవాబుకన్నా పెద్ద హెచ్చరిక. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, అవసరమైన సహేతుక సర్దుబాటును, అంటే వైకల్యం ఉన్నవారు పనిచేయడానికి వీలుగా చేసే తగిన మార్పును, నిరాకరించడాన్ని వివక్షగానే నిర్వచించింది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అయితే, దివ్యాంగులకు కల్పించే సదుపాయాలు, వారికి అనువైన పోస్టులు, శిక్షణ, పదోన్నతి వంటి వివరాలన్నీ అందులో ఉండాలి. మీ అమ్మాయి అడిగినది ఫోనుకు బదులు వాట్సాప్ సందేశమో, ఈమెయిలో. దానికి ఖర్చే లేదు. సమావేశంలో మాట్లాడేవారు ఆమెకు ఎదురుగా కూర్చోవడం, నిర్ణయాలను చివర రెండు వాక్యాల్లో రాసి పంపడం, తలుపు కనిపించే వైపు బల్ల వేయడం కూడా అంతే. ఉద్యోగంలో ఉన్నవారి విషయంలో న్యాయస్థానాలు ఎంతదూరం వెళ్తున్నాయో తెలియాలంటే తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసు చూడండి. రంగులు గుర్తించలేని లోపం ఉందని ఉద్యోగం నుంచి తప్పించిన అతనికి తగిన వేరే పోస్టు ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. డ్రైవరుగా పనికిరాకపోతే మరే పనికీ పనికిరాడని తేల్చేముందు, సంస్థ ప్రత్యామ్నాయం వెతకాలన్నది ఆ తీర్పు సారం. ఫోను ఎత్తలేని అమ్మాయి లెక్కల పనికి పనికిరాదని ఎవరూ అనలేరు.

కనుక వెంటనే కాదనకండి, వెంటనే చేరనూ వద్దు. సంస్థకు ఒక ఈమెయిల్ వెళ్లాలి. అందులో, పనిపై ఆసక్తి ఉందని, శిక్షణ అయితే అప్రెంటిస్ ఒప్పందం నమోదు చేయాలని, పని అయితే మొదటి నెల నుంచి జీతం, పీఎఫ్ వివరాలతో నియామక పత్రం ఇవ్వాలని, సూచనలు రాతపూర్వకంగా కావాలని, సంస్థ సమాన అవకాశాల విధానపు ప్రతి పంపాలని మర్యాదగా రాస్తే చాలు. వారం గడువు ఇవ్వండి. ఈలోగా హైదరాబాదు విద్యానగర్‌లో దివ్యాంగుల కోసం ఉన్న జాతీయ కెరీర్ సర్వీసు కేంద్రంలో పేరు నమోదు చేయించండి. టాలీ, జీఎస్టీ పనులు వచ్చిన బీకాం పట్టభద్రులకు ఖాళీలు దొరకని రోజులు కావివి. చేరిన తరువాత జీతం ఎగ్గొడితే కార్మిక శాఖకు, వైకల్యం కారణంగా వివక్ష చూపితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. అందుకే ఇప్పటినుంచీ వాళ్లు పంపిన ప్రతి సందేశాన్నీ దాచి ఉంచమనండి.

ఆ ఈమెయిల్ మాత్రం మీరు గానీ, మామగారు గానీ రాయవద్దు. మీ ఉత్తరం పొడుగునా అమ్మాయి గురించి ఉంది కానీ, ఈ ఉద్యోగం గురించి ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. రాతపూర్వకంగా పని చెప్పమని ఆ సంస్థను నేరుగా అడిగిన అమ్మాయికి, తన షరతులు రాయడం చేతకాకుండా ఉండదు. ఆమె పేరుతో, ఆమె చిరునామా నుంచే వెళ్లనివ్వండి. సమాధానం వచ్చాక రెండు ఉత్తరాలనూ ఆమెనే నాకు పంపమనండి, చదివి ఆమెకే జవాబు రాస్తాను.