లారీలకు ట్రాకింగ్ పెట్టించబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్లు మూడూ చదివాను. మూడింటిలోనూ మ్యాపు మీద లారీ బొమ్మలు కదులుతున్నాయి, పక్కన రంగుల గ్రాఫులున్నాయి. ఏది తీసుకోమంటావని అడిగావు. నేను అడిగేది వేరు. నీ పద్నాలుగు బండ్లలో డబ్బు ఎక్కడ కారిపోతోంది? బండి ఎక్కడుందో తెలుసుకోవడానికే అయితే డ్రైవరుకి ఒక ఫోను చాలు, ఫాస్టాగ్ స్టేట్‌మెంటు చూసినా ఏ టోల్‌గేటు ఎన్నింటికి దాటాడో తెలుస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి ట్యాగు లేకపోతే టోలు ఎక్కువ కట్టాల్సిందే కాబట్టి అది ప్రతి బండికీ ఉన్నదే.

పోయిన ఏడాది ట్రిప్ షీట్లు, బంకు బిల్లులు, టైర్ల ఖాతా, హాల్టింగ్ పడిన రోజులు ముందేసుకుని గుమాస్తాతో ఒక ఆదివారం కూర్చో. నా అంచనా అడిగితే సగానికి పైగా డీజిలే తేలుతుంది. లెక్క చూడు. నెలకి 8,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకి 4 ఇస్తే 2,000 లీటర్లు తాగుతుంది. 3.8 ఇస్తే 2,105. కళ్ళకి ఆనని ఆ తేడాకే 105 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన వేసుకున్నా ఒక్క బండికి నెలకి పదివేల పైమాట. ట్రాకింగ్ కంపెనీ వాళ్ళు అడిగే ఏడాది చందా దీని ముందు ఎంత?

అయితే ఆ 105 లీటర్లూ దొంగతనమే అనుకోకు. గాలి తగ్గిన టైర్లు, ఇంజిన్ ఆపకుండా గంటలకొద్దీ నిలబెట్టడం, ఓవర్‌లోడు, తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం, వీటన్నిటికీ మైలేజీ మారుతుంది. అందుకే బండి లోడుతో వెళ్ళిందా ఖాళీగా వచ్చిందా అన్నది ట్రిప్పు వారీగా రాసుకునే చోటు లేని సాఫ్ట్‌వేర్ చూపించే మైలేజీ నాకు అక్కర్లేదు. సగటు చూసి డ్రైవర్ని తిట్టడానికి తప్ప పనికిరాదు.

ఇక నిజంగా పోయే డీజిల్ సంగతి. బంకులో 200 లీటర్లకి బిల్లు, ట్యాంకులోకి 180. ఇది ఒక దారి. రాత్రి ఆపిన చోట పైపు పెట్టి లాగడం ఇంకొకటి. మూడోది తెలివైనది: ఇంజిన్ నడుస్తుండగా రిటర్న్ లైను నుంచి, అంటే ఇంజిన్ వాడగా మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిరిగి తెచ్చే గొట్టం నుంచి, కొద్దికొద్దిగా తీస్తారు. మొదటి రెండూ ట్యాంకులో డీజిల్ మట్టం కొలిచే రాడ్ సెన్సర్ ఉంటే పట్టుబడతాయి. మూడోది గ్రాఫులో మామూలు వాడకంలాగే నెమ్మదిగా దిగుతుంది, మైలేజీ పోల్చి చూస్తేనే అనుమానం వస్తుంది. అమ్మడానికి వచ్చిన కుర్రాడిని ఈ మూడో దాని గురించి అడుగు. ‘అన్నీ పట్టేస్తుంది సార్’ అన్నాడంటే వాడికి లారీ తెలియదు.

రాడ్ సెన్సర్ పెట్టించేటప్పుడు నువ్వో, నమ్మకమైన మేస్త్రీయో దగ్గరుండాలి. ట్యాంకు ఖాళీ చేసి, ఇరవయ్యేసి లీటర్లు పోస్తూ ప్రతిసారీ రీడింగు రాసుకోవాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటారు. ట్యాంకు ట్యాంకుకీ విడిగా చెయ్యాలి, ఒకదాని లెక్క ఇంకోదానికి ఎక్కించి వెళ్ళిపోతానంటే ఒప్పుకోకు. రాడ్ ట్యాంకు నడిమధ్యన దిగకపోతే ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ ఒక పక్కకి ఒరిగి, ముప్పై లీటర్లు మాయమైనట్టు అలర్టు కొడుతుంది. ఎంత బాగా బిగించినా నాలుగైదు లీటర్ల చోరీని అది చెప్పలేదు. అంత చిన్న తేడా పట్టుకుని మనుషుల మీద నిందలు వెయ్యకు.

నీ దగ్గర కొత్త బండ్లు అయిదున్నాయి కదా, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు. వాటికి రాడ్ పెట్టించే ముందు బండి కంపెనీ ఇచ్చిన ట్రాకింగ్ వాడి చూడు. టాటా బండ్లకి ఫ్లీట్ ఎడ్జ్, లేలాండ్‌కి ఐ-అలర్ట్ ఉన్నాయి. చందా ఎప్పటిదాకా ఉందో డీలర్ని కనుక్కో. ఒక్క విషయం గుర్తుపెట్టుకో: ఇంజిన్ కంప్యూటర్ చెప్పే వాడకం, ఇంజిన్‌లోకి వెళ్ళిన డీజిల్ లెక్క. ట్యాంకులోంచి బయటికి పోయినది దానికి తెలియదు. అదే మనకి మేలు. బంకు బిల్లులు 2,100 లీటర్లు చెబుతుంటే ఇంజిన్ 2,000 తాగిందంటే, మధ్యలో వంద ఎక్కడికి పోయాయో డ్రైవర్ని కూర్చోబెట్టి అడగొచ్చు. కొద్దిపాటి తేడా ఎప్పుడూ ఉంటుంది. ఒకే బండికి నెలనెలా వస్తుంటేనే పట్టించుకో. కొత్త బండి వైర్లు మాత్రం కత్తిరించనివ్వకు, వారంటీకి అడ్డం పడుతుంది.

అంటే నీకు బయట నుంచి కావలసింది ముఖ్యంగా ఆ తొమ్మిది పాత బండ్లకే. తీసుకునే సాఫ్ట్‌వేర్ టాటా, లేలాండ్ డేటాని కూడా తనలోకి లాక్కోగలదా అని అడుగు. లేకపోతే గుమాస్తా రోజూ మూడు యాప్‌లు తెరవాలి. వారం తెరుస్తాడు, తర్వాత మానేస్తాడు.

ఇన్సూరెన్సు, పర్మిట్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీలు గుర్తుచేస్తుందని గొప్పగా రాశారు. గోడ మీద క్యాలెండరు కూడా చేస్తుంది ఆ పని. ఈ-వే బిల్లు, అంటే సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం, దాని గడువుకి అలర్టు వస్తే మాత్రం డబ్బు పెట్టొచ్చు. 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు, పొడిగించాలంటే గడువు ముగియడానికి ముందు ఎనిమిది గంటలు, తర్వాత ఎనిమిది గంటల్లోనే వీలు. బెజవాడ నుంచి చెన్నై 450 అనుకుంటే మూడు రోజులు. గూడూరు దగ్గర క్లచ్ ప్లేటు పోయి బండి రెండు రోజులు ఆగితే ఆ వ్యవధి దాటిపోవడం ఎంతసేపు? పట్టుకుంటే పన్నుకి రెండింతల జరిమానా. సరుకు యజమానికి సమాధానం చెప్పుకోవలసింది మనమే.

డెమో ఆఫీసులో చూడకు. ఒక పరికరం అడిగి తెచ్చి, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే బండికి పెట్టు. నల్లమలలో సిగ్నలు పోతుంది. పోయినప్పుడు దారంతా తనలో దాచుకుని, బయటికొచ్చాక పంపాలి. అడవి ఇవతలి నుంచి అవతలికి ఒక గీత గీసిందంటే వెనక్కి ఇచ్చెయ్. బ్యాటరీ వైరు పీకి చూడు, నీ ఫోనుకి కబురు ఎంతసేపటికి వస్తుందో. పాత 2జీ సరుకు అంటగడతారు, 4జీదే అడుగు. ‘ప్రభుత్వం తప్పనిసరి చేసింది’ అని ఏఐఎస్-140 (బండ్ల ట్రాకింగ్ పరికరాలకి పెట్టిన ప్రమాణం) పేరు చెబితే, నీ బండ్లలో దేనికి వర్తిస్తుందో రవాణా శాఖ ఆఫీసులో తేల్చుకో, అమ్మేవాడి నోటి మాట మీద కాదు.

అగ్రిమెంటులో మూడేళ్ళని ఉంది. ఒక ఏడాదికి మార్పించు. పరికరం మనదా, అద్దెదా? మానేస్తే పాత డేటా ఎక్సెల్‌లో ఇస్తారా? ఆ పరికరాన్నే రేపు ఇంకో కంపెనీ సర్వర్‌కి మళ్ళించుకోవచ్చా? ఈ మూడిటికీ జవాబు కాగితం మీద కావాలి. ఇలాంటి కంపెనీలు పుట్టినంత వేగంగా మూతపడుతుంటాయి కూడా.

డ్రైవర్లకి చెప్పకుండా పెట్టకు. ఎక్కడో సీటు కింద దాచినా రెండో ట్రిప్పుకే కనిపెడతారు, ఆ తర్వాత నీ మీద నమ్మకం ఉండదు. మైలేజీ పెరిగి మిగిలిన దాంట్లో వాళ్ళకి వాటా పెట్టు, బత్తాతో పాటే చేతికివ్వు. మ్యాపు మీద బండి బొమ్మ కదలడం లేదని ధాబా దగ్గర అన్నం తింటున్న మనిషికి ఫోను చెయ్యొద్దు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకి ఎనిమిది గంటలే పని అని రాశారు. మన లైన్లలో ఎవరు ఎంతసేపు నడుపుతున్నారో ఈ యంత్రం నీకే చూపిస్తుంది, చూసి ఊరుకోకు. క్యాబిన్‌లో కెమెరా సంగతి ఇప్పుడు ఎత్తకు.

నువ్వు చూపించిన రెండో కొటేషన్ కొంచెం నయం, రాడ్ కాలిబ్రేషన్ తామే చేస్తామని రాశారు. అయినా తొమ్మిదీ ఒకేసారి వద్దు. మైలేజీ బాగా పడిపోయిన మూడు పాత బండ్లకి పెట్టి, మూడు నెలల బంకు బిల్లులతో సరిచూసి, మిగతా ఆరింటి సంగతి అప్పుడు మాట్లాడు. అగ్రిమెంటు సంతకం పెట్టే ముందు వాట్సాప్‌లో నాకు పంపు, అన్ని పేజీలూ. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య