టెక్ సందేహాలు: గ్యాస్ నింపించే ముందు ఫిల్టర్ చూడండి

ప్రశ్న: మాది చీమకుర్తి. నాలుగేళ్లనాటి చిన్న కారులో రోజూ ఒంగోలు వెళ్లి వస్తుంటాను. ఏసీ వేయగానే తడిబట్టల వాసన వస్తోంది. ఫ్యాన్ పూర్తిగా పెంచినా గాలి అంతంతమాత్రంగానే ఉంది. ఏసీ గ్యాస్ తగ్గిందని, నింపించుకోమని మెకానిక్ అంటున్నారు. నింపించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. గ్యాస్ తగ్గిన కారులో సాధారణంగా గాలి జోరుగానే వస్తుంది, చల్లదనమే ఉండదు. మీ కారులో గాలే సరిగా రావడం లేదంటే ముందుగా అనుమానించవలసింది లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్‌ను. చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనుక ఉంటుంది. బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కల గోడలను లోపలికి నొక్కితే అది కిందికి వాలుతుంది. వెనుక ఉన్న సన్నని మూత తీస్తే ఫిల్టర్ చేతికొస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు తెల్లగా ఉండే దాని మడతలు గ్రానైట్ పొడి, టిప్పర్లు రేపే దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరిగి ఉంటే కారణం దొరికినట్లే. కంపెనీలు సాధారణంగా ఏడాదికో, పది పదిహేను వేల కిలోమీటర్లకో మార్చమంటాయి గానీ, మీ దారిలో తిరిగే కారుకు ఆ లెక్క చాలదు. మూడు నాలుగు నెలలకోసారి తీసి చూడడం మేలు. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగకండి. కొత్తది పెట్టేటప్పుడు అంచున ఉన్న బాణం గుర్తు గాలి వెళ్లే దిశను చూపాలి.

వాసన సంగతి వేరు. గాలిని చల్లబరిచే ఇవాపరేటర్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారుతుంది. ఆ తడికి దుమ్ము తోడైతే బూజు పెరుగుతుంది. అందువల్ల గమ్యం మూడు నాలుగు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్‌ను మాత్రం తిరగనిస్తే కాయిల్ చాలావరకు ఆరుతుంది. ఇప్పటికే పట్టిన బూజును కాయిల్ శుభ్రపరిచే ఫోమ్‌తో తీయించుకోవాలి. అద్దానికి సెంటు సీసా వేలాడదీయడం వాసన మీద వాసన పూయడమే. ఉక్కపోత రోజుల్లో ఏసీ నడుస్తుంటే కారు కింద నీటి చుక్కలు పడాలి; అవి పడకుండా ముందు సీటు కింది తివాచీ తడుస్తుంటే, నీరు పోయే గొట్టం పూడుకుందని అర్థం.

టిప్పర్ల వెనుక వెళ్లేటప్పుడు లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి, కానీ దారి పొడవునా అలాగే ఉంచకండి. మూసిన కారులో మన ఊపిరి వల్లనే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతగా అనిపిస్తుంది.

ఇక గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల మీద కొద్దిగా తగ్గవచ్చు గానీ, గణనీయంగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. లీకు వెదకకుండా ఏటా నింపించడం డబ్బు గాలిలో కలపడమే. పైగా చాలా కార్ల ఏసీలో ఉండే ఆర్-134ఎ అనే గ్యాస్, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. నింపించక తప్పకపోతే, ముందు నైట్రోజన్‌తో లీకు పరీక్షించి, గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి (వ్యాక్యూమ్ చేసి), బానెట్ కింది స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములే తూచి నింపమనండి. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కూ చేటు.

ప్రశ్న: నెల్లూరు నుంచి రోజూ మైపాడు వైపు రొయ్యల చెరువులకు వెళ్తాను. హైవే మీద ఏసీ బాగానే ఉంటుంది, ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగితే వేడిగాలి వస్తోంది. ఎందుకు?

జవాబు: రేడియేటర్ ముందుండే కండెన్సర్ వేడిని బయటికి వదలాలి. వేగంగా వెళ్తుంటే ఎదురుగాలి ఆ పని చేస్తుంది; ఆగినప్పుడు భారమంతా దాన్ని చల్లబరిచే ఫ్యాన్‌దే. ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసి, బానెట్ ఎత్తి, చేయి దూరంగా ఉంచి, ఆ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతుంటే తరువాతి అనుమానం కండెన్సర్ రేకుల మీదే. ఉప్పుగాలి అల్యూమినియాన్ని తినేస్తుంది, మట్టి సందులు పూడ్చేస్తుంది. ఇంజిన్ చల్లారాక మామూలు కుళాయి నీటితో మెల్లగా కడిగితే చాలు. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ పలుచని రేకులు వంగిపోతాయి.