ప్రశ్న – జవాబు: మన ఎండలకు లిక్విడ్ కూలరే గతియా?

ప్రశ్న: నేను అనంతపురంలో ఇంటి దగ్గరే పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తుంటాను. రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్‌తో కొత్త కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్నాను. నా గది మిద్దె పైన ఉంది. మే నెల మధ్యాహ్నాల్లో గది లోపలే నలభై డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేదు, నీళ్లు పోసుకునే కూలర్ మాత్రం ఉంది. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ కోసం, కంప్యూటర్ కొట్లుండే బెంగళూరు ఎస్పీ రోడ్డులో అడిగితే 360 మి.మీ. లిక్విడ్ కూలర్ పదకొండు వేలు, రెండు టవర్ల ఫ్యాన్ కూలర్ నాలుగు వేలు చెప్పారు. ‘మీ ఊరి ఎండకు నీళ్ల కూలర్ తప్ప వేరేది ఆగదు’ అని కొట్టతను గట్టిగా చెబుతున్నాడు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు ఫ్యాన్ కూలరే తీసుకోండి. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొట్టతను చెప్పిన కారణమే మన జిల్లాల్లో చాలామంది నమ్మే కారణం, అది సరైనది కాదు.

మన ఇళ్లలో కూలర్ అంటే గడ్డి పరదాల మీదుగా నీళ్లు జారుతుంటే, ఆ తడిలోంచి గాలిని లాగి గదిలోకి వదిలే పెట్టె. అక్కడ నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీరు తనకు కావలసిన వేడిని గాలి నుంచే తీసుకుంటుంది కనుక బయట నలభై రెండు డిగ్రీలున్నా లోపలికి వచ్చే గాలి చల్లగా తగులుతుంది. చలివేంద్రం కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కంప్యూటర్‌కు పెట్టే లిక్విడ్ కూలర్‌లో నీరు బయటికి ఆవిరై పోవడమన్నది లేదు. మూసిన గొట్టాల్లో ద్రవాన్ని ఒక చిన్న పంపు తిప్పుతూ ఉంటుంది. ఆ ద్రవం ప్రాసెసర్ దగ్గర వేడిని ఎత్తుకుని, సన్నని రేకులుండే రేడియేటర్ అనే చట్రం దగ్గర దించుతుంది, రేడియేటర్ ఫ్యాన్లు ఆ వేడిని గది గాలికి అప్పగిస్తాయి. ఆ గాలే నలభై డిగ్రీలుంటే గొట్టాల్లోని ద్రవం నలభైకి దిగువకు ఎన్నటికీ రాదు. కాబట్టి పేరులో నీళ్లున్నంత మాత్రాన అది మన ఎండను తట్టుకునే ప్రత్యేక సాధనం కాదు.

ఫ్యాన్ కూలర్‌లోనూ నీరే పని చేస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. దాని రాగి గొట్టాల లోపల గాలి తీసేసి, కొద్దిపాటి నీరు ఉంచి మూసేస్తారు. పీడనం తక్కువ కనుక ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై, పైన టవర్‌లా పేర్చిన అల్యూమినియం రేకుల దగ్గరికి పోయి, అక్కడ వేడిని వదిలి మళ్లీ నీరుగా మారి, గొట్టం లోపలి గోడకున్న వత్తి వంటి పొర ద్వారా కిందికి దిగుతుంది. దీనికి పంపు అక్కరలేదు, కరెంటూ అక్కరలేదు. కదిలే భాగం పైనుండే ఫ్యాన్ ఒక్కటే.

ఇక లెక్కకు వద్దాం. ఏ కూలరైనా ప్రాసెసర్‌ను గది కంటే ఇన్ని డిగ్రీల ఎక్కువలో నిలపగలదు, అంతకంటే చేయగలిగింది లేదు. 24 డిగ్రీల ఏసీ గదిలో ఒక కూలర్ ప్రాసెసర్‌ను 70 దగ్గర నిలిపిందనుకోండి. అంటే గది కంటే 46 డిగ్రీలు ఎక్కువ. అదే పని, అదే కూలర్, మీ నలభై డిగ్రీల గదిలోనైతే దాదాపు 86 చూపిస్తుంది. యూట్యూబ్ సమీక్షల్లో చూపే అంకెలు చాలావరకు ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల గదుల్లో తీసినవి. మనం వాటికి మరో పదిహేను కలుపుకుని చదువుకోవాలి. లిక్విడ్ కూలర్ అంకెలకూ ఈ పదిహేను తప్పదు.

మీరు ఎంచుకున్న ప్రాసెసర్ సంగతి కొంచెం ప్రత్యేకమైనది. 2022లో వచ్చిన 7950ఎక్స్‌కు కంపెనీ పెట్టిన అంకె 170 వాట్లు, కానీ పూర్తి భారం పడ్డప్పుడు అది 230 వాట్ల దాకా లాగుతుంది. దాని గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. అక్కడికి చేరగానే పాడైపోదు, తన వేగాన్ని తానే తగ్గించుకుని ఆ గీత మీద నిలబడుతుంది. కూలర్‌కు శక్తి ఉన్నంతవరకు 95 దాకా వెళ్లి పని చేయడమే దాని స్వభావమని తయారీదారులైన ఏఎండీ వారే చెప్పారు. పైగా ఆ వేడంతా ఒక్కొక్కటి సుమారు 70 చదరపు మిల్లీమీటర్లుండే రెండు చిన్న చిప్పుల్లోంచి, వాటి మీది మందపాటి లోహపు మూత గుండా బయటికి రావాలి. అంత ఇరుకైన దారి కావడం వల్ల, పైన ఎంత ఖరీదైన రేడియేటర్ పెట్టినా తేడా కొన్ని డిగ్రీలకే పరిమితమవుతుంది.

అందుకని మీకు నేను చెప్పే అసలు మందు బయోస్‌లో, అంటే కంప్యూటర్ వేయగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగుల్లో ఉంది. అక్కడ ఈకో మోడ్ అనే సదుపాయంలో 105 వాట్లు ఎంచుకుంటే, ప్రాసెసర్ గరిష్ఠంగా లాగేది 230 నుంచి 142 వాట్లకు దిగుతుంది. వాడకం మూడో వంతుకు పైగా తగ్గినా, వేగం తగ్గేది స్వల్పం. ఎడిట్ చేసినదంతా చివరి వీడియోగా తయారయ్యే పని, అంటే రెండరింగ్, రెండు గంటలు పట్టేదైతే మరికొన్ని నిమిషాలు పడుతుంది, అంతే. ఈ 142 వాట్లను మంచి రెండు టవర్ల ఫ్యాన్ కూలర్ మే నెలలోనూ మోయగలదు. దీనికి డబ్బు ఖర్చు లేదు, కరెంటు బిల్లూ తగ్గుతుంది. అయినా కొట్లలో ఎవరూ ఈ మాట చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

లిక్విడ్ కూలర్‌కు గుణాలే లేవని నేననను. నీటికి వేడిని దాచుకునే శక్తి ఎక్కువ కనుక, కొన్ని సెకన్ల పాటు ఒక్కసారిగా పడే భారాన్ని అది నెమ్మదిగా మింగుతుంది, ఫ్యాన్లు ఉలిక్కిపడినట్లు మోగవు. కానీ మీది గంటల తరబడి సాగే రెండరింగ్. కొన్ని నిమిషాల్లోనే ద్రవమంతా వేడెక్కి ఒక స్థాయికి చేరుకుంటుంది, ఆ తరువాత రేడియేటర్ వైశాల్యమూ గది గాలీ తప్ప వేరే సాయం ఉండదు. ఏసీ గదిలో కూర్చుని ఆ 230 వాట్లనూ పూర్తిగా పిండుకోవాలనుకునే వారికి 360 మి.మీ. రేడియేటర్ సమంజసమే.

చెడిపోయినప్పుడు ఏమవుతుందో కూడా ముందే ఆలోచించండి. ఫ్యాన్ ఆగిపోతే అనంతపురంలోనే ఏదో ఒక కొట్టులో 120 లేదా 140 మి.మీ. ఫ్యాన్ దొరుకుతుంది, అరగంటలో మార్చుకోవచ్చు. పంపు ఆగిపోతే కూలర్ మొత్తం విప్పి బెంగళూరుకు పంపాలి. ముహూర్తాల నెలలో పెళ్లివారు వీడియో కోసం ఫోన్లు చేస్తుండగా కంప్యూటర్ మూలన పడి ఉంటే కలిగే నష్టం ఆ ఏడు వేల తేడా కంటే పెద్దది.

ఆ ఏడు వేలలో కొంత పెట్టి, ముందు భాగం అద్దంతో మూసుకుపోకుండా జాలీతో ఉన్న క్యాబినెట్ తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనుక ఒకటి బయటికి తోయాలి. కొనేముందు క్యాబినెట్‌లో కూలర్ ఎత్తుకు చోటుందో లేదో కొలత అడగండి. నాక్టువా ఎన్‌హెచ్-డి15 వంటి పెద్ద కూలర్ ఎత్తు 165 మి.మీ., అది ప్రతి క్యాబినెట్‌లో పట్టదు. మిగిలిన డబ్బుతో గది కిటికీకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 450 వాట్లు లాగుతున్నాయనుకుంటే, రెండు గంటలకు దాదాపు ఒక యూనిట్ కరెంటు మొత్తం వేడిగా మారి మీ గదిలోనే చేరుతుంది. కూలర్ ఏదైనా ఆ వేడి అంతే ఉంటుంది. కిటికీ మూసి పని చేస్తే సాయంత్రానికి గది ఇంకా వేడెక్కుతుంది, దాంతో పాటే ప్రాసెసర్ కూడా.

గదిలో మీకున్న నీళ్లు పోసుకునే కూలర్‌ను మాత్రం వదులుకోకండి. అనంతపురం మే నెల గాలి పొడిగా ఉంటుంది కనుక అది గదిని నిజంగానే కొన్ని డిగ్రీలు చల్లబరుస్తుంది, గది తగ్గిన ప్రతి డిగ్రీ ప్రాసెసర్‌కూ లాభమే. తేమకు కంప్యూటర్ లోపల నీళ్లు పడతాయని భయం అక్కరలేదు. గది కంటే వేడిగా ఉండే వస్తువు మీద తేమ పేరుకోదు. అయితే కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకూడదు. ఆ గాలిలో ఎగిరే సన్నని తుంపరలతో పాటు మన బోరు నీళ్లలోని ఉప్పులూ వస్తాయి, ఆరిన తరువాత అవే బోర్డు మీద తెల్లటి పొరగా మిగులుతాయి.

ప్రశ్న: మూడేళ్ల కిందట 240 మి.మీ. లిక్విడ్ కూలర్ పెట్టించుకున్నాను. ఈ మధ్య కంప్యూటర్ వేయగానే గలగలమని చప్పుడు వస్తోంది, ప్రాసెసర్ వేడి 90 దాటుతోంది. లోపల నీళ్లు తగ్గి ఉంటే కుళాయి నీళ్లు పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: దయచేసి పోయకండి. అందులో ఉండేది ఉత్త నీరు కాదు. గ్లైకాల్ వంటి పదార్థాలూ, తుప్పు పట్టకుండా చూసే రసాయనాలూ కలిపిన ద్రవం. ప్రాసెసర్ మీద కూర్చునే పలక రాగి, రేడియేటర్ సాధారణంగా అల్యూమినియం. ఈ రెండు లోహాల మధ్య ఉప్పులున్న నీరు తిరిగితే అల్యూమినియాన్ని తినేస్తుంది. కడప జిల్లా కుళాయి నీళ్లు కాచిన గిన్నె అడుగున ఏం మిగులుతుందో మీకు తెలిసిందే.

మొదట దుమ్ము చూడండి. ఆషాఢం గాలులకు లేచే మట్టి రేడియేటర్ రేకుల సందుల్లో, ఫ్యాన్ల వెనుక పరదాలా పేరుకుంటుంది, పైనుంచి చూస్తే కనబడదు. ఫ్యాన్లు విప్పి, బ్లోయర్‌తో గాలి కొట్టి శుభ్రం చేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

తరువాత బయోస్‌లో పంపు తిరుగుతున్న వేగం కనబడుతుందో లేదో చూడండి. కంప్యూటర్ భారం మీద ఉండగా రెండు గొట్టాలనూ చేత్తో తాకండి. ఒకటి బాగా వేడిగా, రెండోది చల్లగా ఉంటే ద్రవం సరిగా కదలడం లేదని అర్థం. గలగల చప్పుడు లోపల చేరిన గాలిది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల గోడల గుండా కొద్ది కొద్దిగా ద్రవం ఇగిరిపోయి ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. రేడియేటర్ పై అంచు కంటే పంపు ఎత్తులో ఉంటే ఆ గాలంతా పంపులోకే చేరి దాన్ని పాడుచేస్తుంది. మీ రేడియేటర్ క్యాబినెట్ అడుగున ఉంటే పైభాగానికి మార్పించండి. వారంటీ కాగితం వెతకండి, చాలా కూలర్లకు అయిదేళ్ల వరకు ఇస్తారు. గడువు తీరి ఉంటే, దాని స్థానంలో ఫ్యాన్ కూలర్ పెట్టించుకోవడం మంచిది.

ప్రశ్న: మాది కర్నూలు. హైదరాబాదులో చదువుకుంటూ ప్రతి సెలవులకూ కంప్యూటర్‌ను బస్సులో ఇంటికి తెచ్చుకుంటాను. గేమ్స్ కోసం రైజెన్ 7 7800ఎక్స్3డి తీసుకుంటున్నాను. పెద్ద ఫ్యాన్ కూలర్ బరువుకు మదర్‌బోర్డు వంగుతుందంటున్నారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: టేబుల్ మీద ఉన్నంతకాలం వంగదు, బోర్డు వెనుక బిగించే లోహపు పలక ఆ బరువును మోస్తుంది. బస్సు డిక్కీలో పడే కుదుపుల సంగతి వేరు. కిలోకు పైగా బరువున్న కూలర్ ఒక పక్కకు వేలాడుతూ ఊగితే బోర్డుకు దెబ్బ తగలవచ్చు. అయితే ఈ ప్రాసెసర్‌కు అంత కూలర్ అవసరమే లేదు. గేమ్స్‌లో అది వంద వాట్ల లోపే వాడుతుంది. దాని గరిష్ఠ ఉష్ణోగ్రత 89 డిగ్రీలు కనుక మరీ చిన్నది వద్దు, ఒకే టవరున్న తేలికపాటి ఫ్యాన్ కూలర్ తీసుకోండి. ప్రయాణంలో క్యాబినెట్‌ను, మదర్‌బోర్డు నేలకు సమాంతరంగా, కూలర్ పైకి చూసేలా పడుకోబెట్టి, కింద ఒక బొంత పరవండి. గ్రాఫిక్స్ కార్డును మాత్రం విప్పి దాని పెట్టెలోనే విడిగా తీసుకెళ్లండి. కూలర్ విప్పాల్సి వస్తే, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి సాఫీగా దాటడానికి రాసే థర్మల్ పేస్ట్‌ను పూర్తిగా తుడిచి, మళ్లీ బిగించేటప్పుడు కొత్తది రాయండి.