ఎడమచేత్తో మౌస్ పట్టుకునేవాళ్లు పీసీ గేమ్‌లలో కంట్రోల్స్ ఎలా మార్చుకోవాలి?

అసలు చిక్కు మౌస్‌తో కాదు, గేమ్‌లో నడకకు వాడే డబ్ల్యూ-ఏ-ఎస్-డి కీలతో. అవి కీబోర్డుకు ఎడమ పక్కన ఉంటాయి. కుడిచెయ్యి అంతదాకా చాపితే రెండు చేతులూ ఒకదానికొకటి అడ్డం. అందుకే ముందు నడక కీలు మార్చండి. చాలామంది బాణం కీలు వాడమంటారు గానీ వాటి చుట్టుపక్కల కీలు తక్కువ, రీలోడ్‌కీ గ్రెనేడ్‌కీ చోటు చాలదు. ఐ-జె-కె-ఎల్ నయం. నంప్యాడ్ (కీబోర్డు కుడి చివరి అంకెల కీలు) ఉంటే ఇంకా హాయి: నడకకు 8, 4, 5, 6, దూకడానికి ఎంటర్, వంగడానికి 0. నా ఓటు దీనికే.

మౌస్ బటన్లను విండోస్ సెట్టింగ్స్‌లోనే తారుమారు చేయొచ్చు. కొన్ని గేమ్‌లు దాన్ని పట్టించుకోవు. అప్పుడు గేమ్ లోపల కాల్చే బటన్‌ను విడిగా మార్చాలి. కీలు మార్చే వీలే లేని గేమ్ అయితే, ఒక కీ పనిని ఇంకో కీకి మార్చిపెట్టే ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రామ్ ఉంది. ఆన్‌లైన్ గేమ్‌లలో మాత్రం జాగ్రత్త, మోసం చేస్తున్నారనుకుని బ్యాన్ చేసే ప్రమాదం ఉంది.

గేమ్‌ప్యాడ్ అయితే 'సౌత్‌పా' అనే ఆప్షన్ వెతకండి, రెండు స్టిక్‌ల పనులూ అటూ ఇటూ మారతాయి.

కుడిచేతివాళ్ల కోసం ఏకంగా లోకాన్నే తిప్పేసిన గేమ్ ఒకటుంది! 2006లో వచ్చిన జెల్డా 'ట్విలైట్ ప్రిన్సెస్'లో హీరో లింక్‌ది ఎడమచేతి వాటం. నింటెండో వాళ్ల 'వీ' (Wii) కన్సోల్ రిమోట్‌ను ఎక్కువమంది కుడిచేత్తో ఊపుతారని, వీ వెర్షన్‌లో మ్యాప్‌తో సహా మొత్తం అద్దంలో బొమ్మలా తిప్పేశారు.